ఉదయగిరి పెళ్లిలో వేరే బల్ల

రెండు దేశాల వాళ్లు పెళ్లి చేసుకునే ఇంగ్లీషు కామెడీ సినిమాలంటే నా భార్య శాంతకు ఇష్టం. ఆదివారం మధ్యాహ్నం పెట్టేది. పెళ్లికొడుకు నల్లజాతివాడైతే డాన్సు ఇరగదీయాలి. పెళ్లికూతురు మన పిల్లయితే వాళ్లమ్మ గొంతు చించుకోవాలి. విదేశీ చుట్టం ఒక్క ముద్ద కూర తిని నీళ్ల కోసం పరుగెత్తాలి. శాంత పడీపడీ నవ్వేది. నవ్వడం అయ్యాక అడిగేది: "ఇంతకీ ఆ అబ్బాయి ఏం పని చేస్తాడండీ? సినిమా అయిపోయింది, ఒక్కరూ అడగలేదు." ఆమె నిరుడు పోయింది. ఈ వేసవిలో ఆమె మేనకోడలు కీర్తన ఫోన్ చేసింది. బెంగళూరులో నర్సు. అదే ఆసుపత్రిలో ల్యాబు పని చేసే ఘనా దేశపు అబ్బాయి క్వామెతో పెళ్లి, సొంతూరు ఉదయగిరి చర్చిలో. "మామయ్యా, వాళ్ల తరఫున అమ్మ ఒక్కతే వస్తా ఉండాది. అత్త ఉంటే ఆమెకు తోడుండేది. నువ్వు తీసుకొస్తావా?" సరే అన్నాను.

క్వామె తల్లి అబెనా పెళ్లికి ముందు రోజే చెన్నై మీదుగా నెల్లూరు చేరింది. బడిపంతులమ్మ. ఉదయం ఆరింటికి కారులో బయలుదేరాం. రానుపోను బాడుగ మూడున్నర వేలు. బస్సయితే ఆత్మకూరు మీదుగా మూడు గంటలు, టికెట్టు రెండు వందల లోపే. డ్రైవర్ మస్తాన్ ఊరు దాటగానే మొదలుపెట్టాడు. "సార్, పెండ్లికొడుకు డాన్సు బాగా ఏస్తాడంట కదా? మావోళ్లు వీడియో తెమ్మన్నారు." ఆమెకు ఇంగ్లీషులో చెప్పాను. "వాడా? బడి నాటకంలో వాడికి చెట్టు వేషం ఇచ్చారు. అదీ సరిగ్గా నిలబడలేదు" అంది. మస్తాన్ ముఖం చిన్నబోయింది.

ఆత్మకూరులో టిఫిన్‌కు ఆగాం. ఇద్దరికి నూట ఇరవై. మస్తాన్ ముందే హోటలాయనకు చెప్పేశాడు. "అన్నా, అమ్మకు కారం ఒద్దు, ఇడ్లీలోకి చక్కెర ఎయ్యి." నాకూ అదే సబబనిపించింది. నా దోసె మీది ఎర్రకారాన్ని ఆమె కాసేపు చూసింది. ఇడ్లీ చక్కెరతోనే తినేసింది.

ఆత్మకూరు దాటాక దారి బాగుంటుంది. మెట్టపొలాలు, దూరంగా కొండలు. అక్కడ ఆమె మాట్లాడింది. "మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను మైకు ముందు దీవించమన్నారు. పెళ్లికి నేను అడ్డు కాదు. కానీ వీళ్లు నా కొడుకును ఇంటివాడిగా చూస్తారో, వింతగా చూస్తారో తెలియదు. తెలియకుండా ఉత్త మాటలతో దీవించలేను." శాంత అయితే ఆమె చెయ్యి పట్టుకునేది. నేను కిటికీ అద్దం దించాను.

తొమ్మిదింటికి ఉదయగిరి. కొండ మీది కోట చూడాలనుకునేవాళ్లు ఎండ ముదరకముందే ఎక్కాలి. మేము నేరుగా చర్చికి వెళ్లాం. పెళ్లి చక్కగా జరిగింది. బయట బ్యాండు వాళ్లు క్వామెను చుట్టుముట్టి ఆడమన్నారు. అతను రెండు అడుగులు వేసి కీర్తన వెనక దాక్కున్నాడు.

భోజనాలు పక్క హాల్లో. బల్లల మీద వరసగా ఆకులు వేశారు. ఒక మూల ఫ్యాను కింద విడిగా చిన్న బల్ల, తెల్లగుడ్డ, బ్రెడ్డు, జామ్, ఉడికించిన గుడ్లు, ఒకే కుర్చీ. పెళ్లికూతురి తండ్రి, నా బావమరిది ప్రసాదు, ఎంతో మర్యాదగా అబెనాను అక్కడికి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. ఆమె వరసల వైపు చూసింది. నన్ను పిలిచి మెల్లగా అడిగింది. "ఇక్కడ పెళ్లికొడుకు తల్లి వేరుగా తినాలా? మీ ఆచారమా?"

నేను మా అత్తగారి దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పాను. ఎనభై దాటిన మనిషి. అప్పుడే ఆకు ముందు కూర్చుంది. చేతికర్ర అందుకుని లేచింది.

"ఒరే ప్రసాదూ, ఎవుర్రా ఆమెను ఆడ కూచోబెట్టింది?"

"నేనేమ్మా. ఆమె కారం తినలేదు గదా. సినిమాల్లో చూళ్లా?"

"నువ్వు సినిమాలో చూసినావు. నేను కండ్లతో చూసినా. పెద్దింటోళ్ల పెండ్లిలో మీ నాయనకు గొడ్ల కొట్టం పక్కన ఆకేసినారు. అన్నం అదే, పులుసు అదే. నీడ పట్టున ఉంటుందని ఆడేసినాం అన్నారు. మీ నాయన నీడ అడిగినాడా? ఈమె బ్రెడ్డు అడిగిందా?"

ప్రసాదు తల వంచుకున్నాడు. "పొరపాటైందమ్మా" అని తనే వెళ్లి ఆ కుర్చీని వరసలోకి తెచ్చి, తల్లి పక్కన వేశాడు. శాంత అయితే ఆత్మకూరులో చక్కెర దగ్గరే ఆపేసేది. నాకు తెలియడానికి ఇక్కడిదాకా పట్టింది. అత్తగారు చెప్పిందంతా అబెనాకు ఇంగ్లీషులో చెప్పాను, కొట్టం సంగతితో సహా. ఆమె వచ్చి కూర్చుంది. గోంగూర, మటన్ కలుపుకుంది. ఇంకా పచ్చిమిరపకాయలు ఉన్నాయా అని అడిగింది. వాళ్ల ఊళ్లో ఇంతకన్నా కారం తింటారట.

"అబ్బో! నాకు జతే" అంది అత్తగారు. నా వైపు తిరిగింది. "నువ్వేంది నాయనా నిలబడినావు? ఎవురికోసం?"

కూర్చున్నాను.

భోజనాలయ్యాక అబెనా మైకు ముందుకు వెళ్లి, ఇద్దరి తలల మీద చేతులు పెట్టి, తన భాషలో చాలాసేపు ప్రార్థించింది. క్వామెకు తప్ప ఒక్క ముక్క ఎవరికీ తెలియలేదు. ఆమె ఆగగానే హాలంతా ఆమెన్ అంది.

శాంత పోయాక పెళ్లిళ్లలో భోజనం దాకా నేను ఉండటం లేదు. అక్షింతలు వేసో, కవరు అందించో వచ్చేస్తాను. ఆ రోజు సాయంత్రం దాకా ఉన్నాను. వచ్చేటప్పుడు కీర్తన కారు దాకా వచ్చింది. ఇలాంటి పెళ్లికి అతిథిని వెంటబెట్టుకుని వెళ్లేవారికి ఒక్క మాట. ఏం తింటారో వారినే అడగండి, అడిగేలోపు వరసలో పక్కన కూర్చోబెట్టండి. కారం ఎక్కువైతే మజ్జిగ ఉంటుంది.