కళ్లకద్దుకుంటే ఫౌల్

నేను బడికి వెళ్లినదాన్ని కాదు. నాన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. బాస్కెట్‌బాల్ నియమాలు మాత్రం మా అమ్మాయి వంటింట్లో నేర్పింది. బంతి పట్టుకున్న తోటి పిల్లకు దారి చేయడానికి, ఆమె వెంటపడే ప్రత్యర్థికి అడ్డంగా నిలబడడాన్ని స్క్రీన్ అంటారు. అది చూపించడానికి, నేను పొయ్యి దగ్గర ఉండగా మా అమ్మాయి నా వెనకకు వచ్చి నిలబడేది.

"నీకు నేను కనబడట్లేదు కదమ్మా. అందుకని ఒక అడుగు జాగా వదలాలి. రెండు కాళ్లూ నేలకి ఆనించి, చేతులు గుండెలకి దగ్గరగా పెట్టుకోవాలి. అప్పుడు నువ్వొచ్చి గుద్దుకున్నా నా తప్పు కాదు. నేను కదిలినా, మోచెయ్యి బయటికి పెట్టినా ఫౌల్ నాది."

"పప్పు మాడుతోంది, జరుగు."

"జరిగితే ఫౌలే."

భీమవరంలో ఎంపిక పోటీ పెట్టారు. ఆ రోజు ఆట చూసి జిల్లా జట్టును ఎంచుకుంటారు. వయసు ప్రకారం మా అమ్మాయికి అదే చివరి అవకాశం. ఆట ముగింపుకొచ్చేసరికి తనవి నాలుగు ఫౌల్స్ అయ్యాయి. ఐదోది పడితే బయటికే. అప్పుడు స్క్రీన్ పెట్టింది. అడుగు జాగా వదిలి, కదలకుండా నిలబడింది. పరుగున వెనక్కి వచ్చిన అవతలి జట్టు పిల్ల గుద్దుకుని, మా అమ్మాయి కాలు తగిలి పడిపోయింది. ఇంట్లో ఎవరికి కాలు తగిలినా చేసే పనే మా అమ్మాయి చేసింది. వంగి, ఆ పిల్ల భుజం తాకి, చేతిని కళ్లకద్దుకుంది.

బంతి వైపు చూస్తున్న రిఫరీ అప్పుడే ఇటు తిరిగి విజిల్ వేసి, ఐదో ఫౌల్ మా అమ్మాయికే ఇచ్చాడు.

ఆట అయ్యాక వెళ్లి రిఫరీని అడిగాను.

"మా పిల్ల కదల్లేదండి."

"తనే ఒప్పుకుంది కదండీ, దణ్ణం పెట్టి మరీ."

"కాలు తగిలితే మీ ఇంట్లో పిల్లలు కళ్లకద్దుకోరాండి?"

"అది ఇల్లండి. ఇది కోర్టు."

అంటే, ఆ దణ్ణం ఎందుకో ఆయనకు తెలుసు.

జట్టు పేర్లు చదివారు. మా అమ్మాయి పేరు లేదు. చదివిన పెద్దాయన నా దగ్గరికొచ్చి, "మంచి పెంపకమండి మీది. ఈ రోజుల్లో ఇంత సంస్కారం ఎక్కడుంది?" అన్నారు.

"థాంక్సండి," అన్నాను. ఎవరు మంచి మాట అన్నా నా నోట అదే వస్తుంది.

ఆటోలో చాలా దూరం వచ్చాక అడిగింది. "ఆయనకి థాంక్స్ ఎందుకమ్మా?"



సాయంత్రం దీపం పెట్టి, పిల్లకు దెబ్బ తగలనందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. రోజూ ఆయన ఇచ్చినవి ఒక్కొక్కటే తలచుకుని దణ్ణం పెట్టుకుంటాను. ఆ రోజు రెండోది దొరకలేదు.