బుధవారానికి దేవుడు దొరకలేదు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెంలోని ఆఫీసుకి రోజూ పాసింజరులో వెళ్ళేదాన్ని. ఆడవాళ్ళ పెట్టెలో మేం ఐదుగురం ఒకచోట చేరేవాళ్ళం. చేరగానే టిఫిన్ డబ్బాల మూతలు లేచేవి. నాకు తినడమంటే భయం. ఆకలి లేక కాదు, ఒక ఇడ్లీ తింటే సాయంత్రం దాకా దాని గురించే కుమిలేదాన్ని. ఈ సంగతి ఎలా చెప్పుకోవాలో తెలియలేదు. ఉపవాసమని చెప్పడం తేలిక.

సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయస్వామి, గురువారం దత్తాత్రేయుడు, శుక్రవారం లక్ష్మీదేవి, శనివారం వెంకటేశ్వరస్వామి. బుధవారానికి ఎవరినీ కుదుర్చుకోలేకపోయాను. ఆ రోజు ఇంట్లో తినేసి వచ్చానని రైల్లో చెప్పేదాన్ని. రైల్లో తిన్నానని ఇంట్లో చెప్పేదాన్ని. దేవుళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు.

మా వైపు మనిషి ఊరికే చిక్కిపోతే నిలదీస్తారు. ఉపవాసాలతో చిక్కిపోతే దణ్ణం పెడతారు. ఎవరి డబ్బాలోనైనా కొల్లేరు చేప ఉంటే, "మీకు వాసన తగలకూడదండీ" అంటూ నన్ను కిటికీ పక్కకి జరిపి, మధ్యలో చేతిసంచులు పెట్టేవారు. అత్తగార్ల మీద చాడీలు కూడా నా ముందు మానేశారు. ఇడ్లీల కంటే నాకు వాటి మీదే ఎక్కువ ఆశగా ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ళకే పీఠాధిపతినైపోయాను.

ఒక సోమవారం రైల్లో ఒకటే సందడి. మాలో పెద్దావిడ, భీమడోలులో ఎక్కే టీచరుగారు, ముందురోజే గృహప్రవేశం చేసుకున్నారట. పనసపొట్టు కూర అదిరిందట. నాకు తప్ప అందరికీ పిలుపు వెళ్ళింది. ఆవిడే నా వైపు తిరిగి, "మీరెలాగూ తినరు కదండీ. పిలిచి ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకున్నాను. ఏమీ అనుకోకండేం" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. దాన్ని కూడా భక్తి అనుకుంటారేమోనని భయపడి నోరు తెరిచాను.

"నేను ఉపవాసాలు చెయ్యనండీ."

"మరి ఇన్ని వారాలూ?" అన్నారు టీచరుగారు.

"అబద్ధమండీ. తినాలంటే భయమేస్తుంది. ఎందుకో నాకూ తెలీదు."

మాలో ఒకావిడ, "ఇన్నాళ్ళూ దణ్ణాలు పెట్టామేంటండీ!" అంది. ఆవిడ బాధ నాకర్థమైంది.

టీచరుగారు నా పక్కకి జరిగి, "సాయంత్రం తిరుగురైల్లో మా ఊళ్ళో దిగండి. ఇంటికి వెళదాం" అన్నారు. నా మొహం మారడం చూసి, "భోజనానికి కాదండీ. ఊరికే" అన్నారు.

మా వైపు ఎవరూ ఎవరినీ ఊరికే పిలవరు. పిలిస్తే విస్తరి వేస్తారు. అందుకే నేను ఒకరి గడప తొక్కి ఏళ్ళయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం తరవాతి సంగతి, అదీ అంత తేలిగ్గా జరగలేదు. ఆ సాయంత్రం మాత్రం ఆవిడతో భీమడోలులో దిగాను.

ఇంట్లో రంగుల వాసన ఇంకా పోలేదు. ఆవిడ నాకు కుర్చీ వేసి ఎదురుగా కూర్చున్నారు. గంటసేపు మాట్లాడుకున్నాం. ఆ గంటలో ఆవిడ మూడుసార్లు వంటింటి వైపు లేచారు. మూడుసార్లూ ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వచ్చి కూర్చున్నారు. నా కోసం ఒక మనిషి అంత కష్టపడటం నేనెప్పుడూ చూడలేదు.