కాదనడం నేర్పిన మా వీధి వకీలు

మా ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో, సీతారాండేరా పేటలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండే క్రిమినల్ వకీలుగారు పోయారు. పొద్దున్నే కోర్టుకని బూట్లు తొడుక్కుంటూ అరుగు మీదే ఒరిగిపోయారట. కబురు మా అమ్మ చెప్పింది. ఆయనతో నేను మాట్లాడి అప్పటికి తొమ్మిది రోజులు. మాట మానేసింది నేనే.

లా పూర్తయ్యాక ఆయన దగ్గరే జూనియర్‌గా చేరాను. 'మావయ్యా' అనేదాన్ని. క్రిమినల్ వైపు ఎందుకని ఇంట్లో గొడవ. ఆస్తి తగాదాలు చూసుకోమన్నారు. నేను కరపత్రాలు చదివి పెరిగినదాన్ని. ఫ్యాక్టరీ గేటు దగ్గర పంచిన ప్రతి కాగితమూ దాచుకుని బట్టీ పట్టేదాన్ని. క్రిమినల్ లా అంటే దుర్మార్గుల్ని జైలుకి పంపడమే అనుకున్నాను. ఆయనేమో జైలుకి పోబోయేవాళ్ళ పక్కన నిలబడేవారు. వాళ్ళనెప్పుడూ ముద్దాయి అనేవారు కారు, ఇంటిపేరుతో పిలిచేవారు.

పనికోసం ఈ హిందీ ఊరికొచ్చిన మన తెలుగువాళ్ళ సంగతి మీకు తెలుసు. పెద్దవాళ్ళెవరు గద్దించినా ముందు తప్పయిపోయిందనేస్తారు. చేసినా అంతే, చేయకపోయినా అంతే. అదొక మర్యాద. నేరం ఒప్పుకుంటావా అని జడ్జి అడిగినప్పుడు కూడా అదే మర్యాద చూపిస్తే శిక్ష రాసేస్తారు. అందుకే వకీలుగారు ప్రతి కక్షిదారుకీ అరుగు మీద రిహార్సల్ పెట్టేవారు. తనే జడ్జి అయి, కుర్చీలో బిగుసుకుని కూర్చుని, "జుర్మ్ కబూల్ హై?" అని గర్జించేవారు.

"గల్తీ హో గయా హుజూర్," అనేవాడు కక్షిదారు, తప్పయిపోయిందన్న అదే మాట హిందీలో.

"ఒరే, నానింకా నేరం ఏటో సెప్పనేదు కదరా!"

వీధంతా నవ్వేది. ఆయన నవ్వేవారు కారు. "కాదను. కాదన్నాకే నిజం ఎతుకుతారు. ఔనన్నాక ఎవుడెతుకుతాడు?"

పక్కనున్న మాంగో పేటలో ఉండే మన తెలుగు క్రేన్ ఆపరేటర్ ఒకతను ఆ అరుగెక్కినప్పుడు నాకు ఒళ్ళు మండింది. అతని క్రేన్ నుంచి బరువు జారిపడి ఒక కాంట్రాక్టు కూలీ చనిపోయాడు. పోలీసుల ముందు తప్పయిపోయిందన్నాడని విన్నాను. నాకది చాలు. సొంతంగా ఒక కరపత్రం రాసి, అచ్చు వేయించి, మాంగో బజారులో పంచాను. 'హంతకుడు ఒప్పుకున్నాడు' అని శీర్షిక.

వకీలుగారు ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టారు.

"పోలీసోళ్ళకి సెప్పింది కోర్టులో సెల్లదని నీ బుక్కుల్లో నేదేటే?"

"మనిషి చచ్చిపోయాడు మావయ్యా!"

"తాడు అరిగిపోనాదని సూపర్‌వైజర్‌కి ఆడు మూడుసార్లు సెప్పినాడు. నన్నడిగితే సెప్పుదును కదా. బస్సులో మన కాలు తొక్కినోడికి కూడా మనమే తప్పయిపోనాదంతాం. నువ్వు మనోళ్ళ పిల్లవి కావేటే?"

నాకు తెలుసు. తెలిసీ, "హంతకుల అరుగు మీద నేను కూర్చోను," అని వచ్చేశాను. ఆయన వెనక నుంచి ఒకటే అన్నారు: "ఎల్తే ఎల్లు గానీ, అచ్చేసినదాన్ని ఎలా తిరగతీత్తావే?"

ఇప్పుడు ఏ కాగితం తెరిచినా ఆ మాటే వినిపిస్తోంది.

ఆయన దినాలు కాకముందే క్రేన్ ఆపరేటర్ కేసు కట్ట పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, రేపే కోర్టు తారీకు. బాబుగారు పోనారు. నానెవులకాడికెల్లనూ?"

"ఆ కాగితం రాసింది నేనే. తెలుసా?"

"తెలుసునమ్మా. మా పిల్ల సదివి ఇనిపించింది." తల దించుకున్నాడు. "తప్పయిపోనాది."

నేను చేసినదానికి అతను నన్ను క్షమించమంటున్నాడు. నేను ఏ వైపు వకీలునో ఆ గుమ్మంలోనే తేలిపోయింది.

ఆ సాయంత్రం అతని రిహార్సల్‌కి జడ్జిగా నేను కూర్చోవలసి వచ్చింది. గర్జిద్దామని నోరు తెరిస్తే ఆయన గొంతే వచ్చింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

మాంగోలో ఆ కాగితం అందుకున్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట. అందులో ఉన్నది అబద్ధం. అతను ఏదీ ఒప్పుకోలేదు. మర్నాడు కోర్టులో "నహీ హుజూర్," అని కాదన్నాడు, గట్టిగానే.

కేసు ఇంకా నడుస్తోంది. ఆ రోజు బయటికొచ్చి కోర్టు వరండాలో నడుస్తుంటే గమనించాను. అతను నా పక్కన, మధ్యలో మావయ్య పట్టేంత జాగా వదిలి నడుస్తున్నాడు. ఎదురొచ్చే జనం తోసుకుంటున్నా ఆ ఖాళీ వదిలే నడిచాడు. నేనూ అందులోకి జరగలేదు.