కిషన్‌బాగ్ నుంచి జర్మన్ రైలు దాకా

మా ఇంట్లో ఆస్తి తగాదాలు లేవు, ఆస్తి లేదు కాబట్టి. ఉన్న తగాదా ఒక్కటే: పెట్టె పట్టుకుని స్టేషన్లో నిలబడ్డ ఆ జర్మన్ ఆవిడ రైలెక్కిందా, లేదా? అమ్మా బాపుల పెళ్లైన కొత్తలో, బాపు పనిచేసే ఫ్యాక్టరీ క్లబ్బులో ఓ నలుపు తెలుపు జర్మన్ సినిమా ఉచితంగా వేశారట. ప్రొజెక్టర్ ఒక్కటే. ఆవిడ స్టేషన్లో ఉండగా చివరి రీలు ఎక్కించడానికి లైట్లు వేస్తే, అయిపోయిందనుకుని జనమంతా లేచి ఇళ్లకు పోయారు. వీళ్లూ పోయారు. ఇంకో రీలు మిగిలే ఉందని తర్వాత ఎవరో చెప్పారట. అప్పటినుంచి ఎక్కిందని బాపు, ఎక్కలేదని అమ్మ.

అదే సినిమా మూసీ పక్కన ఓ చిన్న హాల్లో వేస్తున్నారని ఫోన్లో కనబడింది. ఇంట్లో శాంతి నెలకొల్పుదామని ఇద్దరినీ బయల్దేరదీశాను.

ఆదివారం మూడింటికి మా కిషన్‌బాగ్‌లో బస్సెక్కాం. అమ్మకు ఉచితం, నాకూ బాపుకూ టికెట్. సీటు కూడా అమ్మకే దొరికింది. ఉల్లిగడ్డల సంచితో నిలబడ్డ ఒకాయన ఎక్కడికని అడిగాడు. విని జాలిపడ్డాడు.

"జర్మన్ సినిమానా? సమజైతదా పెద్దాయనా?"

"సగం సమజైంది. మిగిలిన సగానికే పోతున్నం," అన్నాడు బాపు.

అఫ్జల్‌గంజ్‌లో దిగి సమోసాలు తిని, నాలుగింటికి హాల్లో కూర్చున్నాం. ప్రవేశం ఉచితం. కుర్చీలు ఇనుపవి, పోయేవాళ్లు దిండు పట్టుకుపోండి. తెర కింద అనువాదం లేదు. ఆవిడ చాలాసేపు చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. భర్త కిటికీ దగ్గర పైపు కాలుస్తాడు. వాన. మళ్లీ ఇస్త్రీ. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆవలింత. ఆ తర్వాత ఒక చొక్కా బొత్తాం ఊడి కిందపడితే, ఎందుకో కుర్చీలో ముందుకు జరిగాను. ఆవిడ ఇల్లు వదిలేదీ లేనిదీ ఇస్త్రీపెట్టె దించే తీరులో తెలిసిపోతుందేమోనని చూస్తూ ఉండిపోతాం.

ఆవిడ ప్లాట్‌ఫాం మీదికొచ్చింది. రైలొచ్చింది. సరిగ్గా అప్పుడే నిర్వాహకుడు, ఇంటర్వెల్ లేకపోతే మనవాళ్లు కూర్చోరన్న నమ్మకంతో, లైట్లు వేసి టీ అన్నాడు. అందరూ లేచారు. బాపు అమ్మ కొంగు పట్టుకున్నాడు.

"లేవకు. ఈసారి లేవద్దు."

అమ్మ లేవలేదు. ఇద్దరూ ఖాళీ తెరను చూస్తూ కూర్చున్నారు. వాళ్ల టీ కూడా నేనే తాగాను.

లైట్లారాయి. ఆవిడ అనుమానానికి తావులేకుండా రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆ తర్వాత పొలాలు, ఇంకొన్ని పొలాలు, సమాప్తం.

ఆరింటికి తిరుగు బస్సు. ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి. బాపు గెలిచాడు గానీ మొహంలో ఆ కళ లేదు. అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రేపటినుంచి అన్నం ముందు కూర్చుని వీళ్లు ఏం మాట్లాడుకుంటారు? నేను తెచ్చిన శాంతిని చూస్తే నాకే భయమేసింది.

పురానాపూల్ దాటాక అమ్మ కిటికీలోంచి చూస్తూనే అంది.

"ఎక్కింది సరే. తర్వాతి టేషన్ల దిగే ఉంటది."

"ఏ, దిగలే."

"నువ్వు చూసినవా? తలుపు దిక్కే చూస్తుండె."

"పొలాలు చూస్తుండె. తలుపు గాదు."

సినిమా బాగుంది, చూడండి. మా స్టాపు వచ్చింది, పోయింది. వాళ్లిద్దరూ లేవలేదు. నేనూ లేపలేదు.