గాజు పళ్ళెంలో గరుత్మంతుడు

ఎనభైల్లో మాట. అబుదాబి నుంచి బనియాస్ వెళ్ళే బస్సులో ఒకావిడ నా పక్కన కూర్చుంది. మాట చూస్తే మా గోదావరి వైపే. ఒళ్ళో తువ్వాలులో చుట్టిన పాత గాజు పళ్ళెం ఉంది. అడక్కుండానే విప్పి చూపించింది. మధ్యలో రెక్కలు చాచిన పక్షి, అంచు చుట్టూ నక్షత్రాలు.

"గరుత్మంతుడక్కా. కాళ్ళలో పాము చూడు. మా అమెరికా మేడమ్ వాళ్ళ నాయనమ్మదంట. వాళ్ళ దేశం వెళ్ళిపోతా నాకిచ్చేసింది," అంది. పక్షి నుదుట అప్పటికే కుంకుమబొట్టు ఉంది.

నేనూ ఇళ్ళల్లో పనిచేసేదాన్నే. ఆరేళ్ళు గిన్నెలు తోమిన ఇంట్లో నాకు నీళ్ళు తాగే గ్లాసు కూడా వేరే. కడుపు మండింది.

"అది పాము కాదమ్మా, బాణాలు. ఆ పక్షి వాళ్ళ గవర్నమెంటు ముద్ర. డాలరు నోటు మీదా ఉంటుంది," అన్నాను.

ముఖం చిన్నబోతుందనుకున్నాను.

"అయితే వాళ్ళకీ ఈయనే దేవుడన్నమాట," అని పళ్ళెం కళ్ళకద్దుకుని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

ఆవిడ దిగేలోపు డ్రైవరు ఒక్కసారి గట్టిగా బ్రేకు వేసేలా చూడమని ఆ గరుత్మంతుడికే మొక్కుకున్నాను.