సార్‌కి చెప్పిన తప్పుడు బరువు

గాలం నా చెవిలో దిగినప్పుడు నాకు ముందు వినబడింది నవ్వు. నొప్పి ఆ తర్వాత తెలిసింది.

గల్ఫ్‌లో సోహార్ అనే ఊరు దాటాక జనం పెద్దగా రాని ఒక సముద్రతీరం, శుక్రవారం పొద్దున. నేను మా కంపెనీ మేనేజర్‌కి డ్రైవర్‌ని. ఆయనది చలిదేశం. అక్కడి నదుల్లో సాల్మన్ చేపల్ని పట్టే పదమూడడుగుల గాలం రాడ్‌ని వెంట తెచ్చుకున్నాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని విసరాలి. కొసన ఉండేది ఈకలు చుట్టిన చిన్న గాలం, దానికి బరువే ఉండదు. గాలాన్ని దూరం తీసుకుపోయేది లైన్ బరువు, అంటే గాలం కట్టిన తాడు బరువు. అందుకే లైన్ ముందు భాగం లావుగా, వెనక భాగం సన్నగా ఉంటుంది.

బౌషర్‌లో ఆయన ఇంటి నుంచి బండి తీయడం, రాడ్లు మోయడం, ఉప్పునీళ్లకి తడిసిన లైన్ తుడిచి చుట్టడం, ఇవన్నీ నా శుక్రవారం డ్యూటీ. ఆ రోజు ఆయన స్నేహితులు ఇద్దరు వచ్చారు. "గాలాల పెట్టె పట్టుకుని అక్కడ నిలబడు," అని తన వెనక చోటు చూపించాడు. నిలబడ్డాను. వెనక్కి విసిరిన లైన్ నా చెవిని పట్టుకుంది. ఆయన అది చూసుకోకుండా ముందుకు లాగాడు. నేను మోకాళ్ల మీద పడ్డాను.

"కదలకు! ఇవాళ్టి పెద్ద చేప నువ్వే," అంటూ ఫోన్ తీశాడు.

రక్తం కారుతున్న చెవికి రంగురంగుల ఈకలు వేలాడుతున్న నా ఫొటో సాయంత్రానికల్లా ఆఫీసు గ్రూపులో ఉంది. సైట్ ఇంజనీర్ల దగ్గర్నుంచి టీ ఇచ్చే అతని దాకా అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. సారీ అన్న మాట ఆయన నోట ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

హమ్రియాలో నా రూమ్‌లో కడప నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉంటాడు. మేమంతా చాచా అంటాం. గాలాల షాపులో ఇరవై ఏళ్లుగా పని. ఆ వారమే ఆయన్ని అడిగాను.

"చాచా, రెండు చేతుల రాడ్ ఎట్ల ఇసురుతరో నాకు నేర్పు."

"యాలబ్బీ? చేపలు తినాలంటే మార్కెట్టుకు పో."

"చేపలకు గాదు. మా సార్ ముందట ఇసరాలె. ఆయన మొఖం జూడాలె."

చాచా నా చెవి కట్టు వైపు చూశాడు. షాపులో సార్ రాడ్ లాంటిదే, ఎవరూ కొనని పాత సాల్మన్ రాడ్ ఒకటి ఉంటే యజమానిని అడిగి తెచ్చాడు. మధ్యాహ్నం షాపు మూసే వేళ, నాకు బండి పని లేని రోజుల్లో, ఒక మట్టి గ్రౌండ్‌లో పాఠం మొదలైంది. గాలం బదులు ఊలు ముక్క కట్టాడు.

మొదట లైన్లు మార్చి మార్చి ఇచ్చాడు. తేలికైనది కడితే రాడ్ కర్రలా నిలబడిపోయింది. మరీ బరువైనది కడితే చివర వాలిపోయి లైన్ నా కాళ్ల దగ్గరే కుప్పపడింది. ముప్పై ఆరు గ్రాములది కట్టినప్పుడు రాడ్ పిడి దాకా వంగడం నా అరచేతికి తెలిసింది.

"అదీ! లైన్ బరువు రాడ్‌కి సరిపోవాల. ఇంగ పైచేత్తో తోసేది తక్కువ, కిందిచెయ్యి రొమ్ము కాడికి లాక్కో. యెనక లైన్ సాపయ్యేదాకా ఆగు బేటా. నీకు ఆగేదే రాదు."

నిజమే. ప్రతిసారీ సార్ నవ్వు గుర్తొచ్చి తొందరపడేవాణ్ని. మూడు నెలలకి ఆ కోపాన్నే ఆపుకోవడం నేర్చుకున్నాను. లైన్ వెనక పూర్తిగా చాచుకునే దాకా ఆగి, అప్పుడు లాగేవాణ్ని.

మళ్లీ ఆ ఇద్దరు స్నేహితులూ వచ్చిన శుక్రవారం చాచా రాడ్‌ని కూడా బండిలో పెట్టాను. ఎదురుగాలికి సార్ లైన్ సగం దూరంలోనే ముడుచుకుని పడుతోంది. స్నేహితుల్లో ఒకడు నా రాడ్ చూసి, "నీదా? ఏదీ, వెయ్యి చూద్దాం," అన్నాడు.

సార్ నవ్వాడు. నేను నీళ్లలోకి దిగాను. లైన్ని లేపి, వెనక్కి వేసి, ఆగాను. కిందిచెయ్యి లాగాను. లావు భాగం అల మీదుగా పోయింది, దాని వెనక సన్న లైన్ జర్రున జారిపోయి రీలు దగ్గర టక్కున ఆగింది. ఇంకా ఉంటే ఇంకా పోయేది. స్నేహితులు చప్పట్లు కొట్టారు. నేను సముద్రం వైపు చూడలేదు. సార్ ముఖమే చూశాను. ఎర్రగా కందిపోయింది. కడుపు నిండిపోయింది నాకు.

తిరుగు దారిలో సార్ అడిగాడు. "నీ లైన్ ఎన్ని గ్రాములు?"

అలా అడుగుతాడని నేను అనుకోలేదు. అయినా అబద్ధం సిద్ధంగా ఉన్నట్టే వచ్చింది. "ఇరవై నాలుగు, సార్."

తన దేశం నుంచి ఆ బరువు లైన్ తెప్పించుకున్నాడు. ఆ చలికాలమంతా ప్రతి శుక్రవారం దాంతోనే విసిరాడు. రాడ్ వంగదు, ఆయన ఇంకా బలం పెడతాడు, లైన్ ఇంకా దగ్గర్లో పడుతుంది. నేను పక్కన నిలబడి, "గాలి ఎక్కువుంది సార్," అనేవాణ్ని. చివరికి భుజం పట్టేసింది. రాడ్లు స్టోర్‌రూమ్‌లో పెట్టించాడు. "నాకిది రాదులే," అన్నాడు ఒకరోజు, నాతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు. వేసవిలో కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయాడు.

ఆయన్ని ఎయిర్‌పోర్టులో దింపి వచ్చి, ఉన్నదంతా సంతోషంగా చాచాకి చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"ఎదురుగా నిలబడి గెల్చినావు గదా. అది చాల్లేదా? నేను నేర్పిచ్చిన ఇద్దెను అబద్ధం జేసి చెప్తావా?"

"చాచా, ఆయన నన్ను చేపన్నడు."

"అన్న్యాడు. తప్పే. మరి నువ్వు జేసిందేంది?"

మర్నాడు చాచా రాడ్‌ని షాపులో తిరిగి ఇచ్చేశాడు. రెండుసార్లు అడిగాను, మళ్లీ తీసుకురాలేదు. ఇప్పటికీ ఒకే రూమ్‌లో ఉంటున్నాం, కలిసే తింటున్నాం. రాడ్ మాటెత్తితే మాత్రం ఆయన గోడ వైపు తిరిగి పడుకుంటాడు. అది నన్ను బాధపెడుతుంది. కానీ సార్ ఇవాళ ఫోన్ చేసి మళ్లీ అడిగినా, ఇరవై నాలుగనే చెప్తాను.