ఆఖరి రైడ్‌కి ఆటో

మొన్న ఆదివారం నా పరువు ఆటో ఎక్కి మరీ పోయిందండీ! నవ్వకండి, ముందు వినండి.

మా అమలాపురం సైకిల్ క్లబ్బు తెల్సు కదా. ఆదివారం పొద్దున్నే కాలవగట్టు మీద రైడ్. ఏడాదికోసారి ఫంక్షన్ హాల్లో డిన్నర్. మగాళ్ళు కోట్లు, ఆడాళ్ళు మంచి చీరలు. ఏడాదంతా ఒక్క రైడూ మానని మనిషికి షీల్డ్ ఇస్తారు. డిన్నర్‌కి సైకిల్ మీద రావాలి, అదే ఆఖరి రైడ్.

పోయినేడు షీల్డ్ రిటైర్డ్ హెడ్మాస్టర్ ప్రకాశం గారికి వెళ్ళింది. ఈ ఏడు మనవరాలి పెళ్ళని ఆయన ఒక్క ఆదివారం మానేసేరు, లేకపోతే ఈసారీ ఆయనదే. నేను మానలేదు! వానలో తొక్కేను, కుక్కలు తరిమినా తొక్కేను. షీల్డ్ కోసం టీవీ పక్కన జాగా కూడా ఖాళీ చేసి ఉంచేను.

సరిగ్గా డిన్నర్ పూటే జ్వరం, కడుపులో గడబిడ. మావారు వద్దంటే వద్దన్నారు.

"పాకుతూ అయినా వెళ్తాను" అన్నాను.

ఇంక చేసేది లేక ఆయనే బియ్యపు జావ కాచి, నా సైకిల్ సీసాలో పోసిచ్చేరు. "అక్కడివేవీ ముట్టుకోకు, ఇదొక్కటే తాగు."

రెండు సందులు దాటకుండానే కళ్ళు తిరిగేయి. అప్పుడొచ్చిందండీ ఆ దిక్కుమాలిన ఆలోచన! వీధి చివర సత్తిబాబు ఆటో ఉంది. సైకిల్ని టాప్ మీద కట్టించి ఎక్కేను. దారి పొడుగునా నా బాధంతా వెళ్ళబోసుకున్నాను. హాలుకి కాస్త ఇవతలే దింపెయ్యమన్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. అదీ నా తెలివి!

బండారులంక నుంచి తెప్పించిన కొత్త చీర, బిరుసింకా దిగలేదు. కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, తూలుకుంటూ గేటు దాకా తొక్కేను. చెమటలు ధారలు! అందరూ చప్పట్లు కొట్టేరు. "ఆ చెమట చూడండి, ఎంత కష్టపడి వచ్చేరో!" అంటున్నారు. అది జ్వరం చెమటని నాకొక్కదానికే తెల్సు.

ప్రెసిడెంట్ గారు మైకులో నా పేరు పిలిచేరు. స్టేజీ ఎక్కేను. షీల్డ్ చేతిలోకి వచ్చింది. అంతలో గుమ్మంలోంచి కేక.

"టీచర్ గారండీ! మీ జావ సీసా ఆటోలో వదిలేసేరండీ!"

సత్తిబాబు! సీసా పైకెత్తి పట్టుకుని, పాపం, ఎంత ఆత్రంగా వస్తున్నాడో.

"ఒళ్ళు కాలిపోతోందన్నారు కదండీ, అందుకే పరిగెత్తుకొచ్చేనండీ. తిరిగెళ్ళడానికి కూడా ఉండమంటారా? సైకిల్ కట్టిన తాడు ఇక్కడే ఉందండీ."

హాలంతా నన్నే చూస్తోంది.

"ఆయ్" అన్నాను. ఇంకేమంటానండీ?

సిగ్గుతో చచ్చిపోయేను. దిగి వెళ్ళి షీల్డ్ ప్రకాశం గారి చేతిలో పెట్టేసేను. "మీదేనండీ. నేను ఆటోలో వచ్చేను."

ఆయన దాని వంకైనా చూడకుండా పక్క కుర్చీలో పడేసేరు. "అది ఎక్కడికీ పోదు గానీ, ఇంత జ్వరంతో సైకిలేంటమ్మా? ముందు కూర్చో."

ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చేసింది.

ఏడవనిస్తేనా మా క్లబ్బు వాళ్ళు! డిన్నర్‌కొచ్చిన మనిషి సీసాతో తాగితే క్లబ్బుకెంత నామోషీ అని, ఆకేసి, గ్లాసు పెట్టి జావ పోసేరు. అదయిపోతే వంటవాళ్ళ చేత మళ్ళీ కాయించేరు.

"ఏం తాగేరండీ, ఇంకొక్క గ్లాసు!" అంటారొకరు.

"మా మాట మీద ఇంకొంచెం!" అంటారు ప్రకాశం గారు.

మన వాళ్ళ వడ్డన తెల్సు కదా, వద్దంటే రెండేస్తారు. నాలుగు గ్లాసుల జావ తాగించి గానీ వదల్లేదండీ! తర్వాత సత్తిబాబే దింపేడు.

మావారు గుమ్మంలోనే ఉన్నారు. "షీల్డేదీ?"

సీసా చేతిలో పెట్టేను.

"ఇది మనదే కదా?"

జరిగిందంతా చెప్పేను. మనిషి నవ్వలేదు. సీసా శుభ్రంగా కడిగి, తుడిచి, టీవీ పక్కన ఆ ఖాళీ జాగాలో పెట్టేరు. ఇంకా అక్కడే ఉందండీ. నిన్నటి నుంచి ఇంటికొచ్చిన వాళ్ళకి చూపిస్తున్నారు కూడా!